జారని సీటు కుట్టే చెయ్యి

మోటార్ సైకిల్‌కు తోలు సీటు ఎంత అందమో, బ్రేకు వేసినప్పుడు అంత ఇబ్బంది. మనిషి ముందుకు జారి ట్యాంకుకు తగులుకుంటాడు. పైగా చాలామంది దానికి మెరుపు కోసం పాలిష్ పట్టిస్తారు. అందులో సిలికాన్ ఉంటే జారుడు ఇంకా పెరుగుతుంది.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల సీట్లు కుట్టే మంచి మేస్త్రీ ముందు తోలును చూడడు, వాలును చూస్తాడు. సీటు ట్యాంకు వైపు దిగి ఉంటే పైన ఏ తోలు వేసినా అంతే. అందుకే కవరు పిన్నులు ఊడదీసి, ఫోమ్ వెనక భాగాన్ని బ్లేడుతో కోసి, ముందువైపు ముక్క అతికించి, గరుకు కాగితంతో రుద్ది, అరచేత్తో తడిమి చూస్తాడు. ఆ తడమడమే అసలు విద్య. కంటికి ఆనని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి.

ఆ తర్వాతే కవరు. కూర్చునే చోట నునుపు తోలు తీసేసి, నూగు పైకి ఉండే స్వేడ్ ముక్క వేసి, అడ్డంగా కుట్లు వేస్తాడు. నిలువు కుట్లు చూపుకు బాగుంటాయి గానీ జారే దిక్కుకే దారి ఇస్తాయి. అడ్డకుట్టు గట్టు ఒంటిని నిలబెడుతుంది. స్వేడ్ వానకు తడిస్తే త్వరగా ఆరదు కనుక, రోజూ ఎండావానల్లో తిరిగే బండికి గరుకు రెక్సినే మేలంటాడు. ఖరీదైనది అంటగట్టగలిగి కూడా అలా చెప్పే పనివాడంటే నాకెంతో గౌరవం.