ఏ పాటకు ఏడ్చుచున్నాము?



ఈ మధ్య ఒక యౌవనస్థుడు నాయొద్దకు వచ్చి ఇట్లడిగెను: "అయ్యగారూ, ఆదివారం గుడిలో ఎన్ని కీర్తనలు పాడినా నా కన్ను చెమ్మగిల్లలేదండి. సాయంత్రం ఇంట్లో ఫోనులో దేవదాసు పాటలు పెట్టుకుంటే కన్నీళ్లు ఆగలేదు. ఇది పాపమేనా?"

"పాపమే" అని ఒక్క మాట చెప్పి పంపివేయుట సులభము. "ఫరవాలేదులే" అనుట అంతకంటె సులభము. కాని ఈ రెండు జవాబులలో ఏదియు అతని కన్నీటిని లెక్కచేయలేదు. కావున నీవును నాతోకూడ కొంచెము నిదానించి ఆలోచింపుము.

మొదట రాగము సంగతి. సితారా వాయించువారికి మూలపురుషుడు యూబాలని ఆదికాండము 4:21 చెప్పుచున్నది. అతడు కయీను వంశస్థుడు. అయినను ఆ వాద్యమే తరువాత దావీదు చేతిలో దేవుని స్తుతించెను. అది మొదట ఎవరి యింట మ్రోగెనో చూచి దేవుడు దానిని త్రోసివేయలేదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరచి చూడుము. కీర్తనలకు పైన రాగము పేరును తాళము పేరును అచ్చువేయబడి యుండును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) ప్రభువును స్తుతించుటకు వాడుకొనిన రాగములు ఈ దేశములో అందరును పాడుకొనుచుండిన రాగములే. హార్మోనియము సంగతియు అంతే. అది పడమటి దేశములనుండి వచ్చి, నాటకశాలలో మ్రోగెను, మన గుడిలోను మ్రోగెను. కాబట్టి "ఇది లోకపు రాగము" అన్న మాటతో వాదము ముగియదు.

ఇక ఆ పాటల సంగతి. శరత్‌చంద్రుని నవలనుబట్టి తీసిన దేవదాసు చిత్రము 1953లో వచ్చెను. సి. ఆర్. సుబ్బరామన్‌గారు కట్టిన వరుసలను ఘంటసాలగారు పాడిరి. అవి చౌకబారు పాటలని చెప్పినయెడల నేను అబద్ధికుడనగుదును. ఆ కంఠములో దుఃఖము వీధికెక్కి కేకలు వేయదు, లోలోపల కుములును. అందుచేతనే వినువాని గుండె కరగును. పడిపోయిన మనుష్యుని అసహ్యించుకొనక జాలితో చూచుట ఆ పాటలు నేర్పునేమో. సుంకరులతో కూర్చుండి భుజించిన ప్రభువు శిష్యులకు అది చెడ్డ పాఠము కాదు.

అయితే వాటిలో ఒక అపాయమును గలదు. ఆ నాయకుడు సమయమునకు ధైర్యము చాలక, ప్రేమించిన పార్వతిని పోగొట్టుకొని, త్రాగి త్రాగి, తుదకు ఆమె ఇంటి ముంగిట ప్రాణము విడుచును. పాట ఆ ఓటమిని తియ్యగా చేయుచున్నది. నిజముగా త్రాగుబోతు భర్తతో కాపురము చేయుచున్న ఇల్లాలిని అడుగుము. ఆ తీపి ఆమె ఎన్నడును రుచి చూడలేదు.

ఇట్టి కన్నీటిని గూర్చి 1600 ఏండ్ల క్రిందటనే అగస్టీను భక్తుడు తన ఒప్పుకోళ్లలో వ్రాసెను. చిన్ననాడు వర్జిల్ కావ్యము చదువుచు, ప్రేమకొరకు ప్రాణము తీసికొనిన దీదో రాణి నిమిత్తము ఆయన ఏడ్చెనట. దేవునికి దూరమై చచ్చుచున్న తన ఆత్మ నిమిత్తము మాత్రము ఒక్క బొట్టు రాలలేదట. తరువాత 387లో మిలాను పట్టణమున బాప్తిస్మము పొందిన దినములలో సంఘము పాడుచుండగా ఆయన మిక్కిలి ఏడ్చెను. కథ అక్కడ ముగిసియుండిన మనకు ఎంతో అనుకూలముగా నుండును! కాని పాటలోని సత్యముకంటె పాడు స్వరమే తన్ను ఎక్కువగా కదిలించినప్పుడు అది తనకు దోషమేయని ఆయన ఒప్పుకొనెను. చూచితివా? కావ్యమునకు వేసిన ప్రశ్ననే గుడిలోని పాటకును వేసెను.

సౌలును జ్ఞాపకము చేసికొనుము. దావీదు వాయించినప్పుడు అతనికి నెమ్మది కలిగెను (1 సమూయేలు 16:23). అయితే మరియొక దినమున అదే దావీదు వాయించుచుండగానే సౌలు ఈటె విసరెను (18:10, 11). అభిషిక్తుడైన దావీదు సంగీతమే సౌలుకు ఉపశమనమిచ్చెను గాని మారుమనస్సు ఇయ్యలేకపోయెను. కన్నీరు వచ్చినంత మాత్రమున హృదయము మారినదని సినిమా పాట విన్నప్పుడు గాని కీర్తన పాడినప్పుడు గాని మనము మోసపోకూడదు.

కావున ఆ యౌవనస్థునితో నేనిట్లంటిని: "నాయనా, నీ కన్నీరు పాపము కాదు. అది ఎక్కడికి పోయెనో చూచుకొనుము. పాటలు కల్పించుకొని పాడుచు, యోసేపు సంతతివారి నాశనమును గూర్చి చింతపడని వారిని ఆమోసు ప్రవక్త గద్దించెను (6:5, 6). నీ వీధిలోనే త్రాగుడుచేత చెడిన ఇల్లు ఒకటి యుండవచ్చును. ఆ పాట నిన్ను ఆ గుమ్మమునొద్దకు పంపినయెడల దేవునికి స్తోత్రము చెల్లించుము. మరల అదే పాట వినుటకే నిన్ను కూర్చుండబెట్టినయెడల కొన్ని దినములు దానిని కట్టివేయుము. రాగము అపవిత్రమని కాదు సుమా, నీ హృదయము దానికి బానిసయగుచున్నదని."

సంఘ పెద్దలతోను ఒక మాట. పిల్లల పాటలను గద్దించుటకు ముందు మన పాటను పరీక్షించుకొందము. మనస్సుతోను పాడవలెనని పౌలు కోరెను (1 కొరింథీయులకు 14:15). మనమో ఏ చరణము పాడుచున్నామో ఎరుగక, గడియారము చూచుచు పాడుచున్నాము. మన నోట ఎండిపోయిన కీర్తనకు పిల్లవాని కన్ను చెమ్మగిల్లలేదని నింద ఎవరిమీద మోపుదము?

చదువరీ, నేటి రాత్రి నీవు ఏ పాట వినినను, అది ముగిసిన తరువాత ఒక నిమిషము ఊరకుండుము. ఆ నిశ్శబ్దములో నీకు ప్రార్థన చేయబుద్ధి పుట్టునా, పుట్టదా? ఆ పాటను గూర్చి నీకు కావలసిన తీర్పు అక్కడనే దొరకును.