‘అన్‌రావెల్’: విప్పే చేతుల మాట

పాత స్వెట్టర్ బేరమాడే ముందు అమ్మ దాన్ని తిరగేసి కుట్లు చూసేది. చలికాలంలో కేసముద్రం నుంచి రైల్లో వరంగల్ పోయినప్పుడు, ఫుట్‌పాత్ మీది కుప్పలో చాలాసేపు వెతికేది. ముక్కలు వేటికవి అల్లి తర్వాత జోడించినదైతే విప్పొచ్చు. బట్టలా కత్తిరించి మిషన్ కుట్టేసినదైతే జానెడు జానెడు పోగులే చేతికొస్తాయి. “ఇది కోసి కుట్టిండ్రు బిడ్డా, అక్కరకు రాదు” అని పక్కన పడేసేది.

మంచిది దొరికితే మధ్యాహ్నాలు కూర్చుని విప్పేది. కుర్చీ వీపుకు చిలపలు చుట్టి, నీళ్ళలో తడిపి, దండేనికి వేలాడదీసి, వంకరలు పోవడానికి కింద చెంబు కట్టేది. ఆ ఊలుతోనే మాకు స్వెట్టర్లు. దాన్ని ఇంట్లో ఎవరూ పని అనలేదు. “ఊకె కూసోలేదు ఆమె” అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను, మేఘనా గుప్తా తీసిన ‘అన్‌రావెల్’ (2012) చూసేదాకా.

పద్నాలుగు నిమిషాల డాక్యుమెంటరీ అది. పడమటి దేశాలు వదిలేసిన బట్టలు బేళ్ళుగా గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగి, హర్యానాలోని పానిపట్ చేరతాయి. అక్కడి కార్ఖానాల్లో ఆడవాళ్ళు గుండీలు, జిప్పులు, లేబుళ్ళు తీసేస్తారు. నేల మీద కూర్చుని నిలువు కత్తులకు ఆనించి కోస్తారు. చూడగానే మన వంటింటి కత్తిపీట గుర్తొస్తుంది. ఊలు బట్టల్ని రంగుల వారీగా ఏరితే మళ్ళీ అద్దకం అక్కర్లేదు. యంత్రాలు వాటిని పీచు చేసి, వడికి, చవక దుప్పట్లకు దారం తీస్తాయి. అమ్మ పోగు తెగకుండా కాపాడేది. ఇక్కడ తెంపడమే పని.

ఇంత కొత్త బట్టల్ని ఎందుకు పారేస్తారో ఆ స్త్రీలకు అర్థం కాదు. అక్కడ నీళ్ళు బాగా ఖరీదేమో, ఉతకడం కన్నా పారేయడమే చవకేమో అనుకుంటారు. ఈ మాట దగ్గర చాలామంది ప్రేక్షకులు నవ్వుతారు. మొదటిసారి నేనూ నవ్వాను. తర్వాత సిగ్గేసింది. బిందెలతో నీళ్ళు మోసి, ఇంటిల్లిపాది బట్టలు ఉతికిన మనిషికి బట్టంటే ముందు నీళ్ళే. తన శ్రమ తెలిసిన మనిషి వేసిన లెక్క అది, అమాయకత్వం కాదు. అట్లా పారేసే వాళ్ళ దగ్గర ఇంతకన్నా మంచి కారణమేదైనా ఉందా?

దర్శకురాలి బలం ఇక్కడే ఉంది. ఎప్పుడూ మనం చూసే కార్మిక స్త్రీని చూసేదిగా నిలబెట్టింది. ఈ ఆడవాళ్ళు, సముద్రాలు దాటి వచ్చిన భారీ సైజు లోదుస్తుల్ని ఎత్తి పట్టుకుని, వాటిని తొడుక్కున్న మనుషుల్ని ఊహించి విరగబడి నవ్వుతారు. సాయం కోసం చూసే కళ్ళు కావవి. అయితే ఆ నవ్వుల మీద ఇష్టంతో, గాల్లో తేలే పీచు దగ్గర, కూలి దగ్గర కెమెరా ఆగాల్సినంత ఆగలేదనిపించింది. అన్నీ పద్నాలుగు నిమిషాల్లో పట్టవు, నిజమే. కానీ ఆ ధూళిని పీల్చేది కూడా ఆ నవ్వే మనుషులే కదా.

ఈమధ్య కేసముద్రం పోయినప్పుడు అమ్మకు ఈ సినిమా చూపించాను. హిందీ పూర్తిగా అర్థం కాకపోయినా కళ్ళు తిప్పలేదు. “గంత మంచి ఊలు! విప్పొచ్చు గద బిడ్డా, ఎందుకు కోస్తుండ్రు?” అంది.

“టన్నుల సరుకమ్మా. చేత్తో విప్పితే కూలి గిట్టదు” అన్నాను.

“మరి నాకెవలిచ్చిండ్రు?” అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండానే.