కనిపించని చోట ఖర్చు

పాత జిప్సీ కొన్నానని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "టైర్లు ఏం వేయిస్తున్నారు?" రెండోది బంపర్ గురించి, మూడోది పైన బిగించే లైట్ల గురించి. వెనక యాక్సిల్ హౌసింగ్ సీలు కారుతోందా అని అడిగింది ఒక్కరే, గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రి. లైట్ల మాట ఎత్తితే ఆయన కసురుకున్నాడు కూడా. "ఏటి బాబూ, బ్రేకు సరిగ్గా పట్టని బండికి లైట్లెందుకు?"

పాత ఫోర్ వీల్ బండి బాగుచేయించడం గురించి నాకున్న అభిప్రాయమంతా ఆ కసురులోనే ఉంది. డబ్బు పెట్టాల్సింది ఎవరికీ కనిపించని చోట. మనకి పెట్టబుద్ధయ్యేది ఎదురింటివాళ్లకి కనిపించే చోట.

మారుతి జిప్సీ మన రోడ్ల మీదకి 1985 చివర్లో వచ్చింది. 970 సీసీ ఇంజను, నాలుగు గేర్లు. 1996లో 1298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో కార్బురేటర్ పోయి ఇంధనాన్ని చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి వచ్చాక బలం 80 హార్స్ పవర్‌కి చేరింది. 2019లో మామూలు జనానికి అమ్మకాలు ఆగిపోయేదాకా పైన ఇన్ని మార్పులు జరిగినా కింద మాత్రం పద్ధతి మారలేదు. ముందూ వెనకా గట్టి హౌసింగులు, నాలుగు చక్రాలకీ కమాన్ కట్టలు, గేర్‌బాక్సుకి విడిగా వేలాడుతూ ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. పోలీస్ స్టేషన్ల ముందూ మిలిటరీ కాన్వాయ్‌లలోనూ దీన్ని చూస్తూనే ఒక తరం పెరిగింది. ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచి పేలిపోయే యోగం మాత్రం సుమోలకి దక్కింది, జిప్సీ బతికిపోయింది.

దీని అసలు గొప్ప బరువు లేకపోవడం. గుడ్డ టాపు బండి టన్నుకి కాస్త తక్కువే తూగుతుంది. టన్నున్నర దాటిన కొత్త బళ్లు చక్రాలు పాతేసుకునే ఇసుకలో ఇది పైపైన పోతుంది. ఇనప బంపర్, వించి, పైన క్యారియర్, దాని మీద రెండో స్టెప్నీ అంటూ ఒక్కొక్కటే బిగిస్తూ పోతే ఏ గుణం చూసి కొన్నామో దాన్నే మన చేత్తో తీసేసినట్టు. ఇంత చిన్న విషయం జనానికి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడం దండగ. ఎక్కడ బతికిందని అడగాలి. మా విశాఖలోనో కాకినాడలోనో సముద్రగాలికి నిలబడ్డ బండైతే పైన పెయింటు మెరుస్తున్నా చాసిస్ లోపల్లోపల తినేసి ఉంటుంది. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. డోర్ల అడుగున, చక్రాల గూళ్ల దగ్గర అది అతుక్కోకపోతే అక్కడ రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. తర్వాత పాత గోనెసంచి పరుచుకుని బండి కిందకి దూరి, వెనక కమాన్లు చాసిస్‌కి కలిసే చోట చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నది నీరసంగా పలుకుతుంది. అమ్మేవాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలు వచ్చినప్పటి నుంచి అక్కడి బళ్లు దక్షిణాదికి దిగుతున్నాయి. ధర ముచ్చటగా ఉంటుంది. ఎన్‌ఓసీ, ఇక్కడ రీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలుపుకున్నాక ఆ ముచ్చట కొంత తగ్గుతుంది. వేలంలో అమ్మే మిలిటరీ డిస్పోజల్ బళ్లకి వాళ్లిచ్చే విడుదల కాగితాలు లేకపోతే రిజిస్ట్రేషన్ జరగదు. ఇంకో సంగతి, డీజిల్ ఇంజను బిగించిన జిప్సీలు మార్కెట్లో ఉన్నాయి. ఇంజను నంబరు ఆర్సీలో ఉన్నదేనా అని చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఆ మాటే గట్టిగా చెప్పింది. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజు 2025లో పదివేలకి పెరిగింది. రెన్యువల్‌కి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాల్సింది మనమే, ఇంజను మార్చి బిగించిన షాపువాడు రాడు.

కాగితాలు తేలాక మట్టి గ్రౌండుకి తీసుకెళ్లి ఫోర్ వీల్ వేసి చూడాలి. తారు రోడ్డు మీద వద్దు. ఈ బండిలో ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు తిరగాల్సిన దూరం ఎక్కువ. మట్టిలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారే వీలులేక ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. మట్టిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా చుట్టు తిరిగేటప్పుడు ముందు చక్రాల దగ్గర టక్ టక్‌మని చప్పుడొస్తే లోపలి జాయింట్లు అరిగాయి. ఫోర్ వీల్ లివరుతో లో గేరు వేసి ఎత్తు ఎక్కిస్తుంటే అది దానంతటదే బయటికొచ్చేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర పని ఉంది. రబ్బరు మౌంటింగులతో పోతే మన అదృష్టం, గేర్లే అరిగితే ధర గురించి మళ్లీ మాట్లాడుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు అరవై డెబ్బై వేగంలో స్టీరింగ్ గజగజ వణికితే భయపడక్కర్లేదు. చక్రాల బ్యాలెన్సు, ముందు చక్రాన్ని పక్కకి తిప్పే నకిల్‌లోని కింగ్ పిన్ బేరింగులు చూసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. బేరం ఆడటానికి మాత్రం ఆ వణుకు బాగా పనికొస్తుంది.

మా బండి పని కిందనుంచి పైకి జరిగింది. ముందు బ్రేకులు, స్టీరింగు. తర్వాత రేడియేటరు విప్పించి గొట్టాలు శుభ్రం. లో గేరులో ఇంజను గట్టిగా తిరుగుతుంది, బండేమో నడక వేగంతో పోతుంది, గాలి తగలదు. ఊళ్లో ఏ ఇబ్బందీ పెట్టని రేడియేటరు కొండ మీద మరిగిపోయేది అందుకే. ఆ తర్వాత సీళ్లు. ముందు హౌసింగ్ లోపలి సీలు పోతే గేరాయిల్ నకిల్‌లోకి చేరి అక్కడి గ్రీజుని కడిగేస్తుంది. బయటికి కనిపించేది చక్రం వెనక ఒక నల్లటి మరక, అంతే. ఆ మరకని నిర్లక్ష్యం చేస్తే జాయింటూ బేరింగులూ రెండూ పోతాయి.

అన్నిటికంటే చవకగా పూర్తయిన పని బ్రీదర్లది. హౌసింగ్ పైన వేలెడంత కూడా లేని ఒక గాలి రంధ్రం ఉంటుంది. బండి నడుస్తుంటే హౌసింగ్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అందులోంచి బయటికి పోతుంది. అలా వేడిగా ఉన్న హౌసింగ్‌ని తీసుకెళ్లి చల్లటి వాగులో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. బ్రీదరు మట్టితో పూడిపోయి ఉంటే సీళ్ల అంచుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది, తెరిచి ఉండి మునిగితే ఆ రంధ్రంలోంచే లాక్కుంటుంది. అక్కడ రబ్బరు గొట్టం తగిలించి బోనెట్ లోపలిదాకా పైకి తెచ్చి కట్టేస్తే సరి. లైట్ల ఖర్చులో పదో వంతు కూడా కాదు. దీన్ని ఫొటో తీసి ఎవరికీ చూపించలేం, అదొక్కటే లోపం.

టైర్ల లెక్క ఒకటి చెప్పాలి, అడిగినవాళ్లందరికీ కలిపి. 205/70 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. చాలామంది మోజుపడే 235/75 ఆర్ 15 వేస్తే అది 733 అవుతుంది. హౌసింగ్ కింద పెరిగే జాగా ఆ తేడాలో సగమే, అంటే సుమారు 33 మిల్లీమీటర్లు. దానికి బదులుగా ప్రతి గేరులోనూ చక్రాన్ని తిప్పే బలం తొమ్మిది శాతం దాకా తగ్గుతుంది, బ్రేకులకి పని పెరుగుతుంది, స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి దాదాపు 66లో పోతుంటుంది. ఈ బండిలో లో గేరు ఇచ్చే లాభం మామూలు గేరు మీద ఒకటిన్నర రెట్ల పైచిలుకు. అందులోంచి తొమ్మిది శాతం తీసి చూపు కోసం పారేయడం నాకు ఇష్టం లేకపోయింది. మంచి పట్టున్న టైర్లే వేయించాను, పాత సైజులో.

ఫోర్ వీల్ నడపడంలో నాకు గురువులు బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి మనుషుల్ని చేరవేసే జీపు డ్రైవర్లు. ఆ రాళ్లదారిలో వాళ్లు బండిని పరిగెత్తించరు. కింది గేరు వేసి, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి, ఏ చక్రం ఏ రాయి మీదకి వెళ్తుందో చూసుకుంటూ పోతారు. గుంటల్లో ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూలది గాల్లో తేలితే బలమంతా తేలిన చక్రాలకే పోయి బండి నిలబడిపోతుంది. నాలుగు చక్రాలూ తిరిగే బండి రెండు చక్రాల వల్ల ఆగిపోవడం కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది. ఎక్కువ రేజ్ చేస్తే షాఫ్టు విరగొచ్చు. యాక్సిలరేటర్ సన్నగా తొక్కి ఉంచి ఎడంకాలితో బ్రేకు కొంచెం నొక్కి పట్టుకుంటే ఊరికే తిరుగుతున్న చక్రానికి అడ్డుపడి, నేల మీదున్న దానికి కాస్త బలం అందుతుంది. అది చాలకపోతే దిగి రాళ్లు పేర్చాలి. ఇసుకలో, బురదలో టైరు గాలి 28 నుంచి 18 పీఎస్‌ఐకి దించితే నేలకి ఆనే మేర పెరుగుతుంది, మళ్లీ తారు ఎక్కేలోపు నింపుకోవాలి. ఒంటరి బండితో వెళ్లడం నాకు నచ్చదు. రిజర్వ్ ఫారెస్టులోకైతే వెళ్లనే కూడదు, అక్కడ మన సరదా కేసవుతుంది. కోతలైన పొలమో బీడు భూమో చాలు, రైతుని ముందు అడిగితే.

వాగు దాటి ఇంటికొచ్చాక బండి పైన కడిగితే సరిపోదు. రాత్రంతా కదపకుండా నిలబెట్టి, పొద్దున్నే హౌసింగ్ అడుగున డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేసి చూడాలి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి లోపలికి చేరి ఉంటే ముందు అవే కారతాయి. పాలు కలిసిన టీ రంగులో ఆయిల్ దిగినా అర్థం అదే. అప్పుడు మొత్తం దించేసి కొత్తది పోయించాలి. ఒక్కో హౌసింగ్‌కి రెండు లీటర్లు మించి పట్టదు, ముందుదానికీ వెనకదానికీ పోయించినా లోపలి క్రౌన్ పినియన్ ధరలో అది ఏ మూలకీ రాదు.