వేడి ఆరకముందే దొరికే జబ్బు

పసుపు సీజనంటే మోర్తాడ్ రోడ్డు మీద బరువు బండ్ల కాలం. కమ్మర్‌పల్లి, ఏర్గట్ల, మోర్తాడ్ పల్లెల్లో ఉడికించి ఎండబెట్టిన పసుపు బస్తాలకెక్కి, డీసీఎంలలో, పికప్ వ్యాన్లలో 63వ నంబరు జాతీయ రహదారి పట్టి, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరుతుంది. నిండు లోడు మీదున్న బండికి బ్రేకు పడకపోతే ఎంత ముప్పో అందరికీ తెలుసు. పడిన బ్రేకు వదలకపోయినా, కాలు పెట్టకుండానే తనంతట తాను పట్టేసినా ముప్పు తక్కువేం కాదు.

మొదట డ్రైవర్ నోట వచ్చే మాట "బండి గుంజుతలేదు" అనే. అనుమానం ఇంజన్ మీదికి పోతుంది. డీజిల్ ఫిల్టర్ మారుస్తారు, గాలి ఫిల్టర్ దులుపుతారు. ఈలోగా చక్రం దగ్గర లైనర్లు డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటాయి. ఆ వేడికి హబ్బులోని గ్రీజు కరుగుతుంది, బేరింగు పాడవుతుంది, టైరు కూడా అంటుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం బ్రేక్ ఆయిల్ మరగడం. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిల్‌కు ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరుతుంది, పెడల్ నేలను తాకుతుంది. అప్పటిదాకా వదలని బ్రేకు ఇక పడనే పడదు.

ఈ జబ్బుతో అసలు చిక్కు ఏమిటంటే, చల్లబడితే మాయమవుతుంది. రోడ్డు పక్కన గంటసేపు ఆపితే ఆయిల్ చల్లారి, ఒత్తిడి దిగి, చక్రం హాయిగా తిరుగుతుంది. అప్పుడు గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్‌కు ఏమీ కనబడదు. ఏదో ఒకటి చేయాలి కనుక లైనర్లు మారుస్తాడు. మర్నాడు మళ్ళీ అదే కథ. అందుకే చేయి తిరిగిన మెకానిక్‌లు బండిని పట్టేసిన స్థితిలోనే చూడాలనుకుంటారు. అవసరమైతే తామే డ్రైవర్ పక్కన కూర్చుని, పట్టేసేదాకా తిప్పిస్తారు.

పరీక్ష ప్రశ్నలతో మొదలవుతుంది. నాలుగు చక్రాలూ పడుతున్నాయా, ఒక్కటేనా? బండి పక్కకు లాగుతోందా? బయలుదేరగానే పడుతోందా, కొంత దూరం పోయాకా? ఈమధ్య బ్రేకు పనేమైనా చేయించారా? తర్వాత చేతి వెనుక భాగాన్ని డ్రమ్ము దగ్గరగా పెట్టి, తాకకుండా, ఏ చక్రం ఎక్కువ కాగిందో చూస్తారు. కాలిన డ్రమ్ము మీద నీళ్ళు మాత్రం పోయకూడదు, పోత ఇనుము పగులుతుంది.

ఇప్పుడు చదునైన నేల మీద, మిగతా చక్రాలకు దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, పట్టేసిన చక్రాన్ని జాకీ మీద లేపుతారు. వేడి ఆయిల్ చిమ్ముతుంది కనుక కళ్ళకు అద్దాలుండాలి. చక్రం వెనక ఉన్న ఎయిర్ తీసే నిపిల్‌ను పానాతో పావు చుట్టు వదులు చేస్తారు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా, లోపల ఒత్తిడి చిక్కుకుందన్నమాట. వదలలేదా, తప్పు ఆ చక్రం దగ్గరే. వీల్ సిలిండర్ తుప్పు పట్టి ఉండాలి, షూలను వెనక్కి లాగే స్ప్రింగు సడలి ఉండాలి, లేదా హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగుసుకుని ఉండాలి.

ఒత్తిడే అని తేలితే చక్రం నుంచి పెడల్ వైపు నడవాలి. బిగించి మళ్ళీ పట్టేసేలా చేసి, ఈసారి రబ్బరు హోసుకు పైనున్న ఇనుప గొట్టం నట్టు వదులు చేస్తారు. ఇక్కడ విప్పినా చక్రం వదలక, నిపిల్ దగ్గర విప్పితే వదిలితే దోషం హోసుదే. బయటికి బాగానే కనబడుతున్నా లోపలి పొర ఉబ్బి, పెడల్ ఒత్తిడికి ఆయిల్‌ను పోనిస్తుంది, వెనక్కి మాత్రం రానివ్వదు.

ఆ నట్టు దగ్గరే చక్రం వదిలితే, లేదా రెండు మూడు చక్రాలు కలిసి పట్టేస్తుంటే చూపు మాస్టర్ సిలిండర్ మీదికి పోవాలి. అందులో ఆయిల్ డబ్బాలోకి తెరుచుకునే సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీయగానే పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆ రంధ్రాన్ని తెరవాలి. వేడికి వ్యాకోచించిన ఆయిల్ అందులోంచి డబ్బాలోకి చేరాలి. రంధ్రం మూసుకుపోతే ఆయిల్‌కు దారి ఉండదు. వేడెక్కిన కొద్దీ ఒత్తిడి, ఒత్తిడి పెరిగిన కొద్దీ రాపిడి, రాపిడితో ఇంకా వేడి. కాలు పెట్టకుండానే బ్రేకు పడడం వెనకున్న గుట్టు ఇదే. మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే నట్లను కొద్దిగా సడలించి ముందుకు జరిపి చూస్తారు. చక్రాలు వదిలితే సిలిండర్ మంచిదే, పెడల్‌కు ఉండాల్సిన కాస్త వదులు (ఫ్రీ ప్లే) లేక రాడ్డు పిస్టన్‌ను నొక్కి పట్టుకుంది. వదలకపోతే సిలిండర్ విప్పాల్సిందే.

విప్పితే తరచూ కనబడేది ఉబ్బిన రబ్బరు కప్పులు. ఎవరో తొందరలో బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోసి ఉంటారు. ఈ అనుమానం తీర్చుకోవడానికి గ్లాసెడు నీళ్ళు చాలు. డబ్బాలోంచి నాలుగు చుక్కలు తీసి వేస్తే, సాధారణ డాట్ 3, డాట్ 4 ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. ఇంజన్ ఆయిల్ పాలలో మీగడలా పైన తేలుతుంది. తేలిందా, ఒక్క సిలిండర్ మారిస్తే సరిపోదు. గొట్టాలన్నీ కడిగి, రబ్బరన్నదల్లా మార్చాలి.

గాలి బ్రేకుల లారీల లెక్క వేరు. వాటిలో పార్కింగ్ బ్రేకును వేసేది బలమైన స్ప్రింగు, దాన్ని వెనక్కి నెట్టి ఉంచేది గాలి. ఎక్కడైనా గాలి కారి ఒత్తిడి బాగా తగ్గితే బ్రేకు దానంతటదే పడుతుంది. అది లోపం కాదు, కాపాడే ఏర్పాటు. గాలి పోతే బండి ఆగాలన్న ఈ ఆలోచనను జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లోనే రైళ్ళకు తెచ్చాడు. కాబట్టి లారీలో ముందు చూడాల్సింది గాలి మీటరు, వినాల్సింది లీకు చప్పుడు. మీటరు నిండుగా ఉండి ఒకే చక్రం పడుతుంటే గ్రీజు లేని క్యామ్ షాఫ్టును, స్లాక్ అడ్జస్టర్‌ను చూడాలి. స్ప్రింగు ఉన్న చాంబర్‌ను మాత్రం ఊరికే విప్పరాదు. అది ఎగిరితే ప్రాణం పోతుంది.

రైళ్ళకూ ఈ బెడద తప్పలేదు. 2023 జూన్ 8న ఒడిశాలోని ఖరియార్ రోడ్ దగ్గర దుర్గ్–పూరీ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ కింద పొగ లేచింది. ఎవరో చైను లాగాక బ్రేకులు పూర్తిగా వదలలేదని, రాపిడికి బ్రేక్ ప్యాడ్లు అంటుకున్నాయని రైల్వే ప్రకటించింది. అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు.

ఈ పరీక్షలకు కావాల్సిన సామాను పానా, జాకీ, గ్లాసెడు నీళ్ళు, ఓపిక. అయినా విలువ మాత్రం కొత్త విడిభాగాలకే దక్కుతోంది. ఫలానా చోట నట్టు వదులు చేస్తే చక్రం వదిలిందని చెప్పగలిగిన మెకానిక్ ఒక హోసుతో పని ముగిస్తాడు. చెప్పలేనివాడు మాస్టర్ సిలిండర్, బూస్టర్, లైనర్లు ఒకదాని తర్వాత ఒకటి మారుస్తాడు, ఖర్చు బండివాడిది. గ్యారేజీలో పని నేర్చుకునే కుర్రవాడికి లైనర్లు బిగించడం కన్నా ముందు ఈ వరస నేర్పాలి. బండి యజమాని కూడా డబ్బు చెల్లించేముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి: ఎక్కడ విప్పితే చక్రం వదిలింది, అప్పుడు బండి వేడిగా ఉందా, చల్లబడిందా?