చిత్రికకు లొంగే రాయి

మా తాతయ్య చెక్కకు చిత్రిక పట్టే ముందు దాని మీద అరచేయి రాసేవాడు. నార ఎటు పోతోందో కంటికంటే ముందు చేతికి తెలియాలనేవాడు. ఎదురు నారకు చిత్రిక పడితే చెక్క పెళ్లలుగా లేస్తుంది. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పని అదే.

కిందటి నెల హైదరాబాద్‌లో బాలానగర్ వైపు తెలిసిన కార్ఖానాలో మేస్త్రి ఒక తెల్లటి పలక చేతికిచ్చాడు. అలవాటు చొప్పున అరచేయి రాశాను. ఎటు రాసినా ఒకటే. "నార లేదు సార్, కొరియన్ ఇది" అన్నాడు.

కొరియా దేశానికీ దీనికీ సంబంధం లేదు. అసలు పేరు కోరియన్. అమెరికాలో డూపాంట్ కంపెనీలో పనిచేసిన డొనాల్డ్ స్లోకమ్ 1967లో దీన్ని తయారు చేశాడు. తర్వాత ఎన్నో కంపెనీలు ఇలాంటి పలకలు చేశాయి, మన కార్ఖానాల్లో మాత్రం ఏ కంపెనీదైనా కొరియనే. ఇందులో సుమారు మూడో వంతు యాక్రిలిక్. కట్టుడు పళ్ల చిగుళ్లు చేసేది కూడా ఆ జాతి ప్లాస్టిక్‌తోనే. మిగతాది చాలావరకు బాక్సైట్ నుంచి తీసిన తెల్లటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి. బాక్సైట్ అంటే మన విశాఖ మన్యం కొండల్లో ఉన్న ఖనిజమే. చూపుకు రాయిలా ఉంటుంది కానీ కార్బైడ్ పళ్ల రంపంతో చెక్కలాగే తెగుతుంది. హైదరాబాద్ ఫ్లాట్లలో వెనక లైటు పెట్టి, జాలీ చెక్కించి కట్టుకునే తెల్లటి పూజా మందిరాలు చాలావరకు ఈ పలకలతో చేసినవే.

మేస్త్రి ఇచ్చింది వంటగట్టులో సింకు కోసం కోసి తీసిన ముక్క. 20 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం, నాలుగు కిలోల పైన బరువు. దాన్ని అమ్మ పూజ గూటికి వెనక పలకగా పెట్టి, లైటు వెలిగించాలని నా ఆశ. 12 మిల్లీమీటర్ల మందంలో వెలుగు మసగ్గా వస్తుంది, సగానికి తగ్గిస్తే పాలలో దీపం పెట్టినట్టుంటుంది. అందుకని రందా మెషిన్‌కు, అంటే చిత్రిక పట్టే యంత్రానికి ఎక్కించాం.

మొదటిసారి ఒక మిల్లీమీటరు లోతు పెట్టాం. చెక్కకైతే అది లెక్కలోకి రాదు. ఇక్కడ మెషిన్ అరిచింది, పలక చివరి అంచు కొబ్బరి చిప్పలా పెచ్చులూడింది. చెక్కను నార పట్టి ఉంచుతుంది. దీన్ని అలా పట్టి ఉంచే నార లేదు, కత్తి దెబ్బకు ఎక్కడికక్కడ చిట్లుతుంది. రెండు మూడు సార్లు పోనిచ్చేసరికి ఉక్కు కత్తి అంచు మొద్దుబారింది. అందులోని ఖనిజప్పొడి ఉక్కును అలా తింటుంది. చిన్న చిన్న కార్బైడ్ పలుకులు మెలికగా బిగించిన రోలరు ఉన్న మెషిన్‌కు మారాక, లోతు అర మిల్లీమీటరు కంటే తగ్గించాక, పని దారిలో పడింది. అంచులు ఎలాగూ కొంత పోతాయి, కాబట్టి పలకను కావలసిన కొలత కంటే పెద్దగా ఉంచుకుని చివర్లో కోసుకోవాలి.

ఇంకొకటి, ఒకే వైపు నుంచి తీసుకుంటూ పోతే పలక వంగే ప్రమాదం ఉంది. ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు తిప్పుతూ తీశాం. ఇది చెక్కకూ వర్తించే పద్ధతే, తాతయ్య చేయి ఇక్కడ పనికొచ్చింది.

చివరి మిల్లీమీటర్లకు డ్రమ్ శాండర్. 80 నంబరు గరుకు కాగితంతో, ఒక్కోసారికి పావు మిల్లీమీటరు లోపే. ఇక్కడ శత్రువు వేడి. యాక్రిలిక్ నూరు డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది. తొందరపడి లోతు పెంచితే పొడి కరిగి కాగితానికి జిగురులా అంటుకుంటుంది, ఆ జిగురు పలక మీద చారలు గీస్తుంది. పలకను ముట్టుకుని చూసి, వెచ్చగా ఉంటే పక్కన పెట్టి టీ తాగి వచ్చేవాళ్లం. ఈ పనిలో ఆగడం కూడా పనిలో భాగమే.

ఆ తర్వాత చేతి శాండర్‌తో 120, 180, 240, 320 నంబర్లు. ప్రతి నంబరుకూ ముందు పలకంతా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయాలి. ఆ గీతలన్నీ పోయేదాకా రుద్దితే పల్లం ఎక్కడా మిగల్లేదన్నమాట. 80 నంబరు గీత ఒక్కటి మిగిలినా 320లో అది పోదు, వెనక్కి వెళ్లాల్సిందే. తెలుపు కాస్త క్షమిస్తుంది. నలుపు పలక ఒక్క గీతనూ దాచదు.

పలక ఆరు మిల్లీమీటర్లకు వచ్చింది. వెనక చేయి పెడితే అయిదు వేళ్ల నీడా కనిపించింది. అప్పుడు నేల చూశాను. నాలుగు కిలోల ముక్కలో సగం, అంటే రెండు కిలోల పైచిలుకు, తెల్లటి పొడిగా మారింది. పొడి లాగే గొట్టం పీల్చుకున్నది పోను మిగిలింది నేల మీద, కిటికీ మీద, మా కనుబొమ్మల మీద ఉంది. పక్క బల్ల దగ్గర పనిచేసే కుర్రాడికి మాస్కు లేదు. అది నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

వంటగట్లకు వేసే క్వార్ట్జ్ పలకల్లో ఉండే స్ఫటిక సిలికా ఇందులో దాదాపు లేదు. ఆ సిలికా ఊపిరితిత్తులను ఎంతగా నాశనం చేస్తుందంటే, ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి కృత్రిమ క్వార్ట్జ్ పలకలను నిషేధించింది. ఆ పలకలను ఈ మెషిన్ల దగ్గరికి తీసుకురానే కూడదు. అలాగని కొరియన్ పొడి ముఖానికి రాసుకునే పౌడరు కాదు. దాన్ని ఏళ్లపాటు పీల్చిన ఒక వ్యక్తి ఊపిరితిత్తులు గట్టిపడిపోయిన సంగతి 2014లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది.

అందుకే రెండో ముక్కకు పద్ధతి మార్చాం. ముందు అయిదంగుళాల పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని నిలబెట్టి బ్యాండ్ సా మీద నిలువునా రెండుగా చీల్చాం. ఒక పలకకు రెండు వచ్చాయి, నున్నగా చేశాక ఒక్కొక్కటి నాలుగు మిల్లీమీటర్ల పైన మిగిలింది. పొడి ఎంతో తగ్గింది. ఈసారి కుర్రాడికి మాస్కు నేనే పెట్టాను, నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడిచాం.

ఆరు మిల్లీమీటర్ల పలక బజార్లో దొరుకుతుంది. కొత్తది కొనగలిగితే కొనండి, కొత్త పలకను అరగదీసి సన్నం చేయడం దండగ. సన్నం చేసినదాన్ని వంటగట్టు మీద వేయకండి, కింద ఆధారం లేకపోతే పగులుతుంది. కానీ మీ ఇంట్లో సింకు కోసిన రోజున ఆ ముక్కను మాత్రం చెత్తలోకి పోనివ్వకండి. దానికి మీరు డబ్బు కట్టారు. అడిగి తీసుకోండి, తీసుకునేటప్పుడు కోసిన మనిషి ముక్కుకు మాస్కు ఉందో లేదో చూడండి.