కొలను గట్టున అల్యోనుష్క

నీటి ఒడ్డున ఆడపిల్లను దిగులుగా కూర్చోబెట్టడం చిత్రకారులకు పాత అలవాటే. మన క్యాలెండర్లలో ఆమె విరహనాయిక. పక్కన కలువలూ, హంసా, ఒంటి మీద చెక్కుచెదరని నగలూ. ప్రియుడి కోసం తప్ప ఆడది మరెందుకూ దిగులుపడదని ఆ బొమ్మల నమ్మకం. రష్యన్ చిత్రకారుడు విక్టర్ వాస్నెత్సోవ్ 1881లో పూర్తిచేసిన 'అల్యోనుష్క'ను కూడా యీ వరసలోనే చేర్చి 'ఎంత మధుర విషాదం' అనేవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి వదిలేద్దాం. జానపద కథ బొమ్మ గనుక అది వాస్తవికత నుంచి పలాయనమనే మనవాళ్ళతోనే నా పేచీ.

మాస్కో ట్రెత్యకోవ్ గ్యాలరీలో వున్న యీ చిత్రం సుమారు 173 సెంటీమీటర్ల ఎత్తు. నల్లని కొలను, వెనక చీకటిగా ఫర్ చెట్లు, నీటిమీద రాలిన ఆకులు. గట్టున బండరాతి మీద మోకాళ్ళు ముడుచుకుని, చేతివేళ్ళు పెనవేసి, వాటిమీద తల వాల్చిన పిల్ల. దువ్వెన ఎరగని జుట్టు. వెలిసిన బట్టలు. కాళ్ళకు చెప్పుల్లేవు. నీళ్ళకేసి చూస్తోందే గాని నీళ్ళను చూడటం లేదు.

కథలో ఏముంది? దాహానికి తాళలేక డెక్క గుంటలో నీళ్ళు తాగి మేకపిల్లగా మారిన తమ్ముడు, అక్క మెడకు రాయికట్టి నీట ముంచిన మంత్రగత్తె, చివరకు సుఖాంతం. చిత్రంలో మేకపిల్ల లేదు, మంత్రగత్తె లేదు, సుఖాంతం అసలే లేదు. కథలోంచి వాస్నెత్సోవ్ తీసుకున్నది ఒక్కటే, అనాథ. మొదట పెట్టిన పేరులో 'దూరొచ్క' అనే మాట కూడా వుంది. వెర్రిపిల్ల అని అర్థం. అబ్రామ్త్సెవో దగ్గరి అఖ్తిర్క పల్లెలో తారసపడిన ఒక పిల్ల కళ్ళలోని ఒంటరితనమే తనను కదిలించిందని అతనే చెప్పుకున్నాడు. ఆ కొలనును కూడా అక్కడే ప్రకృతిని చూసి అభ్యాస చిత్రాలుగా గీసుకున్నాడు. ఇక పలాయనం ఎక్కడ?

1861లో భూదాస్యం రద్దయింది గాని, రైతు తన భూమికి తానే విడుదల సొమ్ము వాయిదాల్లో కట్టాల్సివచ్చింది. ఆ పల్లెల్లో దిక్కులేని ఆడపిల్ల బతుకేమిటో వూహించడానికి మంత్రగత్తె అవసరం లేదు. 1876లో, మూటతో గడ్డకట్టిన నది దాటుతూ కొత్త కొంప వెతుక్కునే ముసలి దంపతులను వేసిన చెయ్యే యిది కూడా వేసింది.

లోపం లేదనను. చెట్లూ, ఆకులూ, నీళ్ళూ అన్నీ కలిసి ఆమెతోపాటు దిగులుపడుతున్నాయి. దాంతో మనుషులు తెచ్చిపెట్టిన కష్టం శరదృతువులాగా దానంతటదే వచ్చిందనిపిస్తుంది. పేరులోంచి 'వెర్రిపిల్ల' జారిపోవడం వల్ల కథ చాటు మరికాస్త పెరిగింది. కొమ్మమీది చిన్ని పిట్టలు లేకపోయినా నష్టం లేదు.

1885 నుంచి పదేళ్ళకు పైగా అతను కీవ్‌లో వ్లదీమిర్ కెథడ్రల్ గోడలకు సాధుసంతులను వేశాడు. ఆ గోడలను ఎంతయినా విమర్శించవచ్చు. వాటి అప్పును యీ చెప్పుల్లేని పిల్ల చేత మాత్రం కట్టించకండి.