రచయిత ‘జీవితం – సాహిత్యం’: శ్రీకాకుళం నుంచి ఒక పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

మన తెలుగు శాఖల్లో ‘జీవితం – సాహిత్యం’ అనే శీర్షికతో వెలువడే పరిశోధనలు ఎక్కువ. పుట్టుక, చదువు, ఉద్యోగం, గ్రంథాలు, పురస్కారాలు అనే వరుస వాటికి దాదాపు స్థిరపడింది. గ్రంథాల సంఖ్య పెరిగితే రచయిత ఎదిగినట్లు, రచన ఆగితే సాహిత్యజీవితం ముగిసినట్లు ఆ వరుస ముందే తీర్పు చెబుతుంది. శ్రీకాకుళం జిల్లా రచయితలిద్దరి విషయంలో ఈ పద్ధతి ఎందుకు చాలదో, అది చక్కగా పొసగే కెనడా కథకురాలు ఆలిస్ మన్రోతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన్రో: వ్యవస్థ అండగా నిలిచిన రచన

మన్రో 1931లో ఒంటారియోలోని వింగమ్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఆమె తొలి సంపుటికి 1968లో గవర్నర్ జనరల్ పురస్కారం లభించింది. 1977 నుంచి ‘న్యూయార్కర్’ ఆమె కథలు ప్రచురించింది. చివరి సంపుటి ‘డియర్ లైఫ్’ 2012లో రాగా, మరుసటి ఏడాది నోబెల్ బహుమతి వచ్చింది. ఇంటి పనుల నడుమ రాసుకున్న రచయిత్రే అయినా, తొలినాళ్ల కథను కొని ప్రసారం చేసిన రేడియో, సంపుటులు తెచ్చే ప్రచురణకర్తలు ఆమెకు ఉన్నారు. 1957 నాటికే ఆ దేశంలో కళలను పోషించే కెనడా కౌన్సిల్ ఏర్పడింది. ఇటువంటి వ్యవస్థ ఉన్నచోట సంపుటుల వరుసను రచనాజీవితానికి ఆనవాలుగా తీసుకోవడంలో తప్పులేదు.

పాణిగ్రాహి: గ్రంథం కాని రచన

ఉద్దానంలోని బొడ్డపాడులో ఆలయ అర్చకునిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహికి ఈ కొలమానం వర్తించదు. ఆయన ఎంచుకున్నది జముకుల కథ. ఉత్తరాంధ్ర ప్రజలు తరతరాలుగా వింటూ వచ్చిన కథాగాన రూపంలోకి ఆయన రైతాంగ పోరాటాన్ని తెచ్చారు. అది బృందం ఉంటేనే సాగే ప్రదర్శన; వినే ఊరును బట్టి దాని స్వరూపం మారుతుంది. 1969 డిసెంబర్ 22న పోలీసు కాల్పుల్లో ఆయన మరణించారు. ఆయన పాటను అచ్చయిన పాఠంగా మాత్రమే చదివితే వంతపాట, వాద్యం, శ్రోత మూడూ జారిపోతాయి. మిగిలిన పాఠాన్ని చూసి ‘శిల్పం పలచన’ అనడం రచనలో లోపాన్ని కాక, మన పద్ధతిలో లోపాన్నే చూపుతుంది.

కాళీపట్నం: మౌనమా, కొనసాగింపా?

మన్రోలాగే కాళీపట్నం రామారావు (1924–2021) కథకే కట్టుబడిన రచయిత. మురపాకలో జన్మించి, విశాఖపట్నంలో ఉపాధ్యాయునిగా పనిచేశారు. జీతం బడిది, రచన తీరిక వేళది. 1964లో రాసిన ‘యజ్ఞం’లో అప్పల్రాముడి అప్పు పంచాయితీకి వస్తుంది. కథకుడు తొందరపడి తీర్పు ఇవ్వడు. ఒక్కొక్కరి వాదాన్నీ ఓపికగా విననిస్తాడు. ఊరి పూర్వచరిత్రను తవ్వి, ఆ అప్పు ఎలా పుట్టిందో చూపుతాడు. పెద్దల మాట న్యాయంగానే తోస్తుండగా సీతారాముడు కన్నబిడ్డను నరకడంతో ఆ న్యాయం పునాదే ప్రశ్నార్థకమవుతుంది.

1970ల తొలి సంవత్సరాల తర్వాత ఆయన కథలు బాగా తగ్గాయి. దీనిని మౌనమనడం పరిపాటి. అయితే 1995లో వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారపు సొమ్మును వెచ్చించి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ఆయన కథానిలయాన్ని నెలకొల్పారు. తెలుగు కథలను అవి తొలుత అచ్చయిన పత్రికలతో సహా సేకరించడం దాని పని. తీర్పుకు ముందు సాక్ష్యాలన్నీ పోగుచేయాలన్న ‘యజ్ఞం’ పద్ధతే ఇక్కడ సంస్థగా రూపుదాల్చిందని నా ప్రతిపాదన. ఆయన రాయని కథలు తెలుగుకు నష్టమే, కాదనలేం. కానీ కెనడాలో వ్యవస్థ మోసిన బరువును ఇక్కడ ఒక రచయిత తన రచనాకాలాన్ని వెచ్చించి మోశాడన్నది కూడా ఆ నష్టంలో భాగంగానే చదవాలి.

ముగింపు

కాబట్టి ‘జీవితం – సాహిత్యం’ పరిశోధనల్లో గ్రంథపట్టికకు తోడు మరి రెండు అంశాలు చేరాలి. ఒకటి, రచన ఏ రూపంలో ఎవరి మధ్య జీవించింది? రెండు, రచయిత రాయని కాలంలో సాహిత్యం కోసం ఏం చేశాడు? మొదటి ప్రశ్నకు జవాబు కోసం పరిశోధకుడు ఉద్దానం ఊళ్లకు వెళ్లి, ఆ పాట విన్నవారు ఉండగానే వారి మాట నమోదు చేయాలి. రెండో ప్రశ్నకు జవాబు కథానిలయం అలమరాల్లో ఉంది.